అసమీకరణాలు సాధించడం, గ్రాఫ్ గీయడం ఎలా: ముందు హద్దు, తర్వాత వైపు

3య + 5 = 20 అని ఇస్తే య విలువ 5 అని రాసి ముగించేయొచ్చు. అదే 3య + 5 < 20 అని ఇస్తే? య స్థానంలో 4 పెట్టినా సరిపోతుంది, 0 పెట్టినా సరిపోతుంది, −100 పెట్టినా, 4.99 పెట్టినా సరిపోతుంది. 5 మాత్రం సరిపోదు, దాని తర్వాత వచ్చే ఏ సంఖ్యా సరిపోదు. అంటే ఇక్కడ జవాబు ఒక సంఖ్య కాదు, సంఖ్యల గుంపు. ఆ గుంపు ఎక్కడ ఆగుతుందో, ఎటు వైపు సాగుతుందో చెప్పగలిగితే అసమీకరణాన్ని సాధించినట్టే.

కాబట్టి ఎంత చిక్కుగా కనిపించే అసమీకరణంలోనైనా మీరు తేల్చాల్సిన ప్రశ్నలు రెండే. హద్దు ఎక్కడ? హద్దుకి ఏ వైపు? హద్దుని సమీకరణం ఇస్తుంది, అది మీకు ముందే వచ్చు. వైపు తెలియాలంటే ఒక సంఖ్య పెట్టి చూడాలి. ఈ రెండూ విడివిడిగా మనసులో పెట్టుకుంటే గుర్తు ఎప్పుడు తిప్పాలన్న టెన్షన్ చాలావరకు పోతుంది.

తెలియని రాశికి ఇక్కడ య అని, రెండోది ఉంటే క అని రాస్తున్నాను. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు మొదటి అవ్యక్త రాశిని యావత్తావత్ అని, తర్వాతి వాటిని కాలక, నీలక అంటూ రంగుల పేర్లతో పిలిచాడు. ఆ పేర్ల మొదటి అక్షరాలనే తీసుకున్నాను. మీ నోట్‌బుక్‌లో ఏ అక్షరం వాడినా పద్ధతి మారదు.

గుర్తులు చదవడం

గుర్తులు నాలుగు. < అంటే చిన్నది, > అంటే పెద్దది, ≤ అంటే చిన్నది లేదా సమానం, ≥ అంటే పెద్దది లేదా సమానం. మొన ఉన్న వైపు చిన్న రాశి, విచ్చుకున్న వైపు పెద్ద రాశి. ఇంగ్లండ్ గణితవేత్త థామస్ హారియట్ రాసి, ఆయన చనిపోయాక 1631లో అచ్చయిన గ్రంథంలో మొదటి రెండు గుర్తులు కనిపిస్తాయి. సమానం గుర్తు అంతకన్నా పాతది, 1557లో రాబర్ట్ రికార్డ్ వాడాడు.

5 > య అన్నా, య < 5 అన్నా ఒకటే. అటూ ఇటూ మార్చి రాసినప్పుడు మొన మాత్రం య వైపే ఉండాలి. చాలామంది 5 > య అని వచ్చిన జవాబుని చూసి, గుర్తు > కాబట్టి కుడివైపు బాణం గీసేస్తారు. అలా తప్పు జరగకుండా ఉండాలంటే గ్రాఫ్ గీసే ముందు యను ఎడమ వైపు ఉంచి జవాబుని ఒకసారి తిరగరాయండి.

మాటల్లో ఇచ్చిన లెక్కల్లో గుర్తు ఎంచుకోవడమే అసలు పని. ‘కనీసం 40’ అంటే 40 కూడా చెల్లుతుంది, అంతకన్నా ఎక్కువైనా చెల్లుతుంది: య ≥ 40. ‘40కి తగ్గకూడదు’ అన్నా అదే. ‘40కి మించకూడదు’, ‘గరిష్ఠంగా 40’ అంటే య ≤ 40. ‘40 దాటాలి’, ‘40 కంటే ఎక్కువ’ అంటే 40 చెల్లదు: య > 40. ‘కనీసం’ అనే మాట చిన్నదనే భావం కలిగించి ≤ రాయిస్తుంది, జాగ్రత్త. అనుమానం వస్తే హద్దు సంఖ్యనే పెట్టి అడగండి: సరిగ్గా 40 అయితే ఒప్పుకుంటారా? ఒప్పుకుంటే గుర్తు కింద గీత ఉంటుంది, లేకపోతే ఉండదు.

మొదటి లెక్క

3య + 5 < 20

ఇరువైపులా 5 తీసేయండి.

3య < 15

ఇరువైపులా 3తో భాగించండి.

య < 5

సమీకరణంలో చేసిన పనే ఇది. రెండు వైపులా ఒకే సంఖ్య కలిపినా, తీసేసినా, రెండు వైపులనూ ఒకే ధన సంఖ్యతో గుణించినా, భాగించినా ఎవరు పెద్ద ఎవరు చిన్న అన్నది మారదు. అందుకే గుర్తు అలాగే ఉంటుంది.

ఇప్పుడు సరిచూడండి. సమీకరణంలో ఒక్క సంఖ్య పెట్టి చూస్తే చాలు. ఇక్కడ మూడు పెట్టాలి: హద్దు, లోపలి సంఖ్య ఒకటి, బయటి సంఖ్య ఒకటి. 5 పెడితే 20 < 20, తప్పు, కాబట్టి హద్దు చేరదు. 4 పెడితే 17 < 20, ఒప్పు. 6 పెడితే 23 < 20, తప్పు. మూడూ మనం అనుకున్నట్టే వచ్చాయి. నిమిషం కూడా పట్టని ఈ పని మానకండి. గుర్తు పొరపాటుగా రాసి ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

రెండు వైపులా య ఉంటే దాన్ని ఒక వైపుకు చేర్చాలి.

5(య − 2) ≤ 2య + 8
5య − 10 ≤ 2య + 8
3య ≤ 18
య ≤ 6

6 పెడితే రెండు వైపులా 20 వస్తుంది, గుర్తులో సమానం ఉంది కాబట్టి 6 చేరుతుంది. 0 పెడితే −10 ≤ 8, ఒప్పు. 7 పెడితే 25 ≤ 22, తప్పు.

భిన్నాలు కనిపిస్తే వాటిని మొదటి వరుసలోనే వదిలించుకోండి. య/2 − 1/3 > య/6 అని ఉంటే హారాల క.సా.గు. 6. ప్రతి పదాన్నీ 6తో గుణిస్తే 3య − 2 > య అవుతుంది. అక్కడి నుంచి 2య > 2, య > 1. ప్రతి పదాన్నీ గుణించాలి అన్నది మరిచిపోయి 1/3ని అలాగే వదిలేయడం ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు.

గుర్తు ఎందుకు తిరుగుతుంది

ఈ భాగం తీరిగ్గా చదవండి. రుణ సంఖ్యతో గుణిస్తే గుర్తు తిప్పాలి అని సూత్రంలా బట్టీ పట్టినవాళ్లే పరీక్షలో తిప్పకూడని చోట తిప్పుతారు, తిప్పాల్సిన చోట మరిచిపోతారు. కారణం తెలిస్తే మరిచిపోవడం కష్టం.

2, 7 తీసుకోండి. 2 < 7. సంఖ్యారేఖ మీద 2 ఎడమ పక్కన, 7 కుడి పక్కన ఉంటాయి. రెండింటినీ −1తో గుణిస్తే −2, −7 వస్తాయి. ఇప్పుడు −7 ఎడమ పక్కకు వెళ్లింది, −2 దానికి కుడి పక్కన ఉంది. అంటే −2 > −7. సున్న దగ్గర అద్దం నిలబెట్టినట్టు సంఖ్యారేఖ మొత్తం తిరగబడింది, సున్నకు దూరంగా ఉన్న 7 అటువైపు కూడా దూరంగానే పడింది. ఎడమ కుడి అయినప్పుడు చిన్నది పెద్దదవుతుంది. గుర్తు తిరగడానికి కారణం ఇంతే. −3తో గుణించినా అదే జరుగుతుంది, ముందు తిరగబడి ఆ తర్వాత మూడు రెట్లు సాగుతుంది. సాగడం వల్ల వరస మారదు, తిరగబడడం వల్ల మారుతుంది.

ఇప్పుడు లెక్క.

7 − 2య ≥ 1
−2య ≥ −6
య ≤ 3

రెండో వరుస నుంచి మూడో వరుసకు వచ్చేటప్పుడు −2తో భాగించాం, అక్కడ గుర్తు తిరిగింది. 3 పెడితే 1 ≥ 1, ఒప్పు. 0 పెడితే 7 ≥ 1, ఒప్పు. 4 పెడితే −1 ≥ 1, తప్పు.

ఇదే లెక్కని గుర్తు తిప్పే అవసరం లేకుండా కూడా చేయొచ్చు. నాకైతే ఈ దారే ఎక్కువ ఇష్టం. య ముందు రుణ గుర్తు ఉంటే దాన్ని రెండో వైపుకు పంపేయండి.

7 − 2య ≥ 1
7 ≥ 1 + 2య
6 ≥ 2య
3 ≥ య

3 ≥ య అంటే య ≤ 3. అదే జవాబు, ఎక్కడా రుణ సంఖ్యతో భాగించలేదు. మొదట్లో తప్పులు ఎక్కువగా వస్తున్నాయి అనిపిస్తే కొన్నాళ్లు ఇలాగే చేయండి.

ఇప్పుడు తిప్పకూడని చోటు. 4య < −12 అని ఉంటే 4తో భాగించి య < −3 అనాలి. రుణ సంఖ్య కనిపించింది కదా అని గుర్తు తిప్పేయకూడదు. లెక్కలో రుణ సంఖ్య ఉందా అన్నది కాదు ప్రశ్న. మీరు ఏ సంఖ్యతో గుణిస్తున్నారు, ఏ సంఖ్యతో భాగిస్తున్నారు అన్నదే ప్రశ్న. ఇక్కడ భాగించింది 4తో, అది ధన సంఖ్య. కలపడానికీ తీసివేయడానికీ గుర్తు అసలు తిరగదు, కలిపేది రుణ సంఖ్య అయినా సరే.

ఇంకో జాగ్రత్త. య ధనమో రుణమో తెలియకుండా యతో గుణించకూడదు, భాగించకూడదు. 6/య > 2 చూడండి. తొందరపడి యతో గుణిస్తే 6 > 2య, అంటే య < 3 వస్తుంది. కానీ −1 కూడా 3 కంటే చిన్నదే, దాన్ని పెడితే ఎడమ వైపు −6, అది 2 కంటే పెద్దది కాదు. య రుణమైతే ఎడమ వైపు మొత్తం రుణమే, 2ని దాటే ప్రసక్తే లేదు. య సున్న కాకూడదు, సున్నతో భాగించలేం. మిగిలింది ధన విలువలు, అక్కడ య < 3 నిజం. కాబట్టి అసలు జవాబు 0 < య < 3.

య మాయమైపోతే

కొన్ని లెక్కల్లో య రెండు వైపులా కొట్టేసుకుపోతుంది. కంగారు పడొద్దు, మిగిలిన వాక్యం నిజమో అబద్ధమో చూడండి. 2(య + 3) > 2య + 1లో చివరికి 6 > 1 మిగులుతుంది. అది ఎప్పుడూ నిజం, కాబట్టి ప్రతి సంఖ్యా సాధనే, సంఖ్యారేఖ మొత్తం జవాబు. 2(య + 1) > 2య + 5లో 2 > 5 మిగులుతుంది, అది ఎప్పటికీ నిజం కాదు, సాధన లేదు.

సంఖ్యారేఖ మీద గీయడం

అడ్డంగా ఒక గీత గీసి సున్ననీ, మీ హద్దునీ, దాని చుట్టూ రెండు మూడు సంఖ్యలనూ గుర్తించండి. పది వరకు అన్నీ రాయనక్కర్లేదు. హద్దు సంఖ్య దగ్గర ఒక చిన్న వృత్తం పెట్టాలి. < లేదా > అయితే వృత్తం ఖాళీగా, ≤ లేదా ≥ అయితే నిండుగా. ఖాళీ వృత్తం అంటే ఈ సంఖ్య వరకు వస్తాం కానీ ఈ సంఖ్యని తీసుకోం అని. తర్వాత సరిపోయే వైపు మందంగా గీసి చివర బాణం పెట్టండి. బాణం లేకపోతే మీరు గీసిన చోటే సాధనలు ఆగిపోయినట్టు చదువుతారు.

య < 5కి: 5 దగ్గర ఖాళీ వృత్తం, అక్కడి నుంచి ఎడమకు మందపు గీత, బాణం. య ≥ −2కి: −2 దగ్గర నిండు వృత్తం, కుడికి గీత, బాణం.

గీసే ముందు ఒక్క ప్రశ్న అడగాలి: య ఏ రకం సంఖ్య? వాస్తవ సంఖ్య అయితే మందపు గీత సరైనదే. మనుషుల సంఖ్య, పెట్టెల సంఖ్య లాంటిది అయితే య పూర్ణసంఖ్యే కావాలి, అప్పుడు గీత కాదు, విడివిడి చుక్కలు పెట్టాలి. సహజ సంఖ్యల్లో య < 5 అంటే 1, 2, 3, 4 దగ్గర నాలుగు చుక్కలు మాత్రమే.

ఈ తేడా మాటల లెక్కల్లో జవాబుని మార్చేస్తుంది. 600 కిలోలు మోసే లిఫ్ట్‌లో 60 కిలోల మనిషి, ఒక్కోటి 35 కిలోల పెట్టెలు ఎక్కించాలి. 60 + 35య ≤ 600. దీన్నుంచి 35య ≤ 540, య దాదాపు 15.43 కంటే మించకూడదు. పెట్టెలు ముక్కలు కావు కాబట్టి జవాబు గరిష్ఠంగా 15. ఇక్కడ కిందికి దించాం. 500 లీటర్ల ట్యాంకుని 18 లీటర్ల బకెట్లతో నింపాలంటే 18య ≥ 500, య కనీసం 27.8 దాకా ఉండాలి, అంటే 28 బకెట్లు. ఇక్కడ పైకి ఎక్కించాం. దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించడం అనే మామూలు నియమం ఈ రెండు లెక్కల్లో అదే జవాబు ఇచ్చినా, దాన్ని నమ్ముకోకూడదు, అసమీకరణం ఏ వైపు చూస్తోందో దాన్ని బట్టి దించాలి లేదా ఎక్కించాలి.

రెండు షరతులు కలిసి వస్తే

−3 < 2య + 1 ≤ 9 అన్నది నిజానికి రెండు అసమీకరణాలు, రెండూ ఒకేసారి నిజం కావాలి. మధ్యలో యను ఒంటరిని చేయండి, చేసే ప్రతి పనీ మూడు చోట్లా చేయండి. 1 తీసేస్తే −4 < 2య ≤ 8. 2తో భాగిస్తే −2 < య ≤ 4. సంఖ్యారేఖ మీద −2 దగ్గర ఖాళీ వృత్తం, 4 దగ్గర నిండు వృత్తం, మధ్యలో మందపు గీత. బాణాలు ఉండవు.

మధ్యలో య ముందు రుణ గుర్తు ఉంటే రెండు గుర్తులూ తిరుగుతాయి.

1 ≤ 5 − 2య < 11
−4 ≤ −2య < 6
2 ≥ య > −3

దీన్ని చిన్నది ఎడమకు వచ్చేలా −3 < య ≤ 2 అని రాయండి. సమానం గీత 2 దగ్గరే ఉందో లేదో ఇంకోసారి చూసుకోండి. తిరగరాసేటప్పుడు ఆ గీత తప్పు పక్కకు వెళ్లిపోతుంటుంది.

‘మరియు’ ఉన్నప్పుడు రెండు గీతలూ కలిసే చోటు మాత్రమే జవాబు. ‘లేదా’ ఉన్నప్పుడు రెండూ జవాబే. య < −1 లేదా య ≥ 3 అంటే సంఖ్యారేఖ మీద రెండు వేరు వేరు ముక్కలు, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. దీన్ని 3 ≤ య < −1 అని ఒక వరుసలో కుదించి రాయకూడదు, అలా రాస్తే 3 కంటే పెద్దదై, −1 కంటే చిన్నదైన సంఖ్య కావాలని అర్థం. అలాంటి సంఖ్య లేదు.

పరమ మూల్యం ఉన్న లెక్కలు ఈ రెండు రకాల్లోకే వస్తాయి. |య − 4| అంటే సంఖ్యారేఖ మీద య నుంచి 4కి దూరం. |య − 4| < 3 అంటే 4 నుంచి 3 కంటే తక్కువ దూరంలో ఉన్నవి, కాబట్టి 1 < య < 7. దూరం తక్కువ కావాలంటే మధ్య ముక్క, దూరం ఎక్కువ కావాలంటే బయటి రెండు ముక్కలు. |2య + 1| ≥ 5 అయితే 2య + 1 ≥ 5 లేదా 2య + 1 ≤ −5, అంటే య ≥ 2 లేదా య ≤ −3.

రెండు చరరాశులు: గీత నుంచి తలానికి

య ఒక్కటే ఉన్నప్పుడు హద్దు ఒక బిందువు, అది సంఖ్యారేఖని రెండుగా విడదీసింది. య, క రెండూ ఉంటే హద్దు ఒక సరళరేఖ, అది గ్రాఫ్ కాగితాన్ని రెండు అర్ధతలాలుగా విడదీస్తుంది. పద్ధతి మాత్రం అదే: ముందు హద్దు, తర్వాత వైపు.

2య + 3క ≤ 12 గీద్దాం. ముందు గుర్తు పక్కన పెట్టి 2య + 3క = 12 గీయండి. రెండు బిందువులు చాలు, అక్షాలను తాకేవి అన్నిటికన్నా సులువు. క = 0 పెడితే య = 6, బిందువు (6, 0). య = 0 పెడితే క = 4, బిందువు (0, 4). రెండింటినీ కలపండి. గుర్తులో సమానం ఉంది కాబట్టి నిండు గీత. < లేదా > అయితే చుక్కల గీత గీయాలి. సంఖ్యారేఖ మీద ఖాళీ వృత్తం చేసిన పనే ఇక్కడ చుక్కల గీత చేస్తుంది.

ఇప్పుడు వైపు. గీత మీద లేని ఒక బిందువు తీసుకుని అసలు అసమీకరణంలో పెట్టండి. మూలబిందువు (0, 0) అన్నిటికన్నా తేలిక. 0 + 0 ≤ 12, ఒప్పు. కాబట్టి మూలబిందువు ఉన్న వైపంతా షేడ్ చేయండి. తప్పు అని వచ్చి ఉంటే రెండో వైపు షేడ్ చేసేవాళ్లం. ఒక్క బిందువు చూసి వైపంతా ఎలా ఒప్పుకోవచ్చు? 2య + 3క విలువ 12 కంటే తక్కువ నుంచి ఎక్కువకు మారాలంటే మధ్యలో సరిగ్గా 12 అయ్యే చోటు దాటాలి, అది ఆ గీత మీద మాత్రమే ఉంది. గీత దాటకుండా నిజం అబద్ధం కాలేదు.

గీత మూలబిందువు గుండానే వెళ్తే వేరే బిందువు ఎంచుకోవాలి. క > 2యలో (3, 0) పెట్టండి: 0 > 6, తప్పు. కాబట్టి (3, 0) లేని వైపు, అంటే గీతకు పైవైపు. గీత చుక్కలది.

చాలాచోట్ల ‘చిన్నది అయితే కింద, పెద్దది అయితే పైన షేడ్ చేయాలి’ అనే దగ్గరిదారి నేర్పుతారు. క ఎడమ వైపు మాత్రమే ఉండి, దాని ముందు ధన సంఖ్య ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. 3య − 2క < 6 తీసుకోండి. గుర్తు < కాబట్టి కింద షేడ్ చేయాలనిపిస్తుంది. గీత (2, 0), (0, −3) గుండా పోతుంది. (0, 0) పెడితే 0 < 6, ఒప్పు. మూలబిందువు ఈ గీతకు పైన ఉంది, కాబట్టి షేడ్ చేయాల్సింది పైవైపు. క ముందున్న −2 వల్ల గుర్తు తిరుగుతుందన్న సంగతి ఆ దగ్గరిదారిలో కనిపించదు. బిందువు పెట్టి చూసే పద్ధతి ఎప్పుడూ మోసం చేయదు, దాన్నే అలవాటు చేసుకోండి.

య ≥ −2 అని తలంలో గీయమంటే −2 దగ్గర నిలువు గీత, దాని కుడివైపంతా షేడ్. సంఖ్యారేఖ మీద గీయమన్నారా, తలంలో గీయమన్నారా అన్నది ప్రశ్నలో చూసుకోవాలి.

కొన్ని అసమీకరణాలు ఒకేసారి

య ≥ 0, క ≥ 0, య + క ≤ 8, 2య + క ≤ 12. ఈ నాలుగూ ఒకేసారి నిజం కావాలి. మొదటి రెండూ మనల్ని కుడిపైన ఉన్న పాదంలోకి తెస్తాయి. మూడో గీత (8, 0), (0, 8) గుండా, నాలుగోది (6, 0), (0, 12) గుండా పోతుంది. రెండింటికీ మూలబిందువు వైపే సరిపోతుంది. ఒక్కో వైపుని ఒక్కో దిశలో సన్నని గీతలతో షేడ్ చేస్తే అన్ని షేడ్‌లూ కలిసే చోటు స్పష్టంగా కనిపిస్తుంది. మొత్తం రంగు నింపేస్తే ఏది ఎక్కడ కలిసిందో తెలియదు.

రెండు గీతలూ కలిసే బిందువు గ్రాఫ్ చూసి అంచనా వేయకండి, సమీకరణాలుగా సాధించండి. నాలుగోదాని నుంచి మూడోదాన్ని తీసేస్తే య = 4, దాన్నుంచి క = 4. కాబట్టి మన ప్రాంతం నాలుగు మూలలున్న చతుర్భుజం: (0, 0), (6, 0), (4, 4), (0, 8). సరిచూద్దాం. లోపలి బిందువు (2, 3) పెడితే 5 ≤ 8, 7 ≤ 12, రెండూ ఒప్పు. (5, 3) పెడితే 8 ≤ 8 ఒప్పే, కానీ 13 ≤ 12 తప్పు, అది బయటిది. ఒక్క షరతు తప్పినా బిందువు బయటే.

ఈ చతుర్భుజంలో 3య + 2క ఎక్కడ అత్యధికం అని అడిగితే లోపలి బిందువులన్నీ వెతకనక్కర్లేదు. ఇలాంటి రేఖీయ రాశికి అత్యధిక విలువ ఏదో ఒక మూల దగ్గర తప్పకుండా వస్తుంది. నాలుగు మూలల్లో విలువలు 0, 18, 20, 16. కాబట్టి (4, 4) దగ్గర 20. వేల చరరాశులు, వేల షరతులు ఉన్నప్పుడు ఒక మూల నుంచి మెరుగైన పక్క మూలకు నడుచుకుంటూ వెళ్లే పద్ధతిని జార్జ్ డాంట్జిగ్ 1947లో ఇచ్చాడు, దాన్ని సింప్లెక్స్ పద్ధతి అంటారు. అంతకు ముందే 1939లో లియొనీద్ కంతొరోవిచ్ ఫ్యాక్టరీల ఉత్పత్తి ప్రణాళిక కోసం ఇలాంటి లెక్కల మీద పనిచేశాడు, 1975లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్నవారిలో ఆయన ఒకడు. మీరు కాగితం మీద షేడ్ చేస్తున్న ఈ బొమ్మే ఆ లెక్కలన్నిటికీ పునాది.

మీరే చేసి చూడండి

జవాబులు చూడకుండా ముందు చేయండి, ప్రతిదానికీ గ్రాఫ్ గీయండి.

(అ) 4 − 3య > 19
(ఆ) 2(3య − 1) ≥ 4య + 7
(ఇ) −7 ≤ 3 − 5య < 13
(ఈ) నాలుగు పరీక్షల సగటు కనీసం 75 రావాలి. మూడింటిలో 68, 81, 72 వచ్చాయి. ఒక్కో పరీక్ష 100 మార్కులకు. నాలుగోదానిలో ఎన్ని రావాలి?
(ఉ) య − 2క > 4

(అ)లో య < −5. మీకు య > −5 వచ్చి ఉంటే 0 పెట్టి చూడండి, 4 > 19 అవుతుంది. (ఆ)లో య ≥ 4.5, నిండు వృత్తం 4కీ 5కీ సరిగ్గా మధ్యలో. (ఇ)లో −2 < య ≤ 2, ఖాళీ వృత్తం ఎడమ వైపు ఉండాలి. (ఈ)లో 221 + య ≥ 300, అంటే య ≥ 79. మార్కులు 100 దాటవు కాబట్టి పూర్తి జవాబు 79 ≤ య ≤ 100. రెండో హద్దు లెక్కలో ఎక్కడా అసమీకరణంగా రాసి లేదు, పరిస్థితిని చదివి మీరే చేర్చాలి. (ఉ)లో చుక్కల గీత (4, 0), (0, −2) గుండా పోతుంది. (0, 0) పెడితే 0 > 4, తప్పు, కాబట్టి మూలబిందువు లేని వైపు, గీతకు కింద కుడివైపు షేడ్ చేయాలి. పైవైపు షేడ్ చేసి ఉంటే (6, 0) పెట్టి చూడండి: 6 > 4, ఒప్పు. ఆ బిందువు గీతకు కిందే ఉంది.